పదకొండు నోటుబుక్కులు, ఒక హార్డ్ డిస్కు

పోయిన వారం ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున పసుపు గుడ్డలో చుట్టిన వస్తువొకటి తగిలింది. బరువును బట్టే అదేమిటో తెలిసిపోయింది. విప్పకుండా పక్కన పడేద్దామనుకున్నాను గానీ మా అమ్మాయి ఊరుకుంటేనా, చేతిలోంచి లాక్కుని విప్పింది. అరచేయంత ఇనుప పలక, దాని మీద ఎండి నల్లబడిన కుంకుమ బొట్టు. "ఇదేంటమ్మా, దేవుడా?" అంది. "కాదు, దొంగ," అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాతికేళ్లు దాటాయి, అయినా దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అది మా ఇంట్లో మొదటి కంప్యూటర్ తాలూకు హార్డ్ డిస్కు. లోపల అక్షరాలున్న వస్తువును పారేయకూడదని మా బాపు, అంటే మా నాన్న, దాన్ని దాచాడు. దాచడమే కాదు, ప్రతి దసరాకూ కొడవలి, కత్తిపీటలతో పాటు దేవుడి ముందర పెట్టి బొట్టు కూడా పెట్టేవాడు. నా ఇష్టానికి వదిలితే రోట్లో వేసి దంచేదాన్ని.

బాపు తెలుగు పంతులు. అక్షరమంటే ఆయనకు ఎంత ప్రేమో అంత భయం. నేల మీద పడ్డ కాగితానికి కాలు తగిలితే వంగి తీసి కళ్లకద్దుకోవాలి, చిన్నా పెద్దా తేడా లేదు. బస్టాండులో పల్లీలు కొనుక్కుంటే తిన్న తర్వాత పొట్లం కాగితం విప్పి, అందులో ఏముందో చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకునేవాడు. అందుకే ఆయన అంగీ జేబులు ఎప్పుడూ పల్లీల వాసన వచ్చేవి. కరీంనగర్లో మా ఇంటి వెనక గదిలో మేకుకు ఒక గోనెసంచి వేలాడేది. రాసి పని తీరిపోయిన ప్రతి కాగితం, మా పాత పరీక్ష పేపర్లు, వచ్చిన ఉత్తరాలు, కడకు కిరాణా చీటీలు కూడా అందులోకే పోవాలి. ఇంటి ముందుకు పాతసామాన్లవాడు వస్తే ఇనుము ఇచ్చేవాళ్లం, సీసాలు ఇచ్చేవాళ్లం, కాగితం మాత్రం ఇచ్చేవాళ్లం కాదు. కార్తీకంలో బాపు ఆ సంచి భుజాన వేసుకుని ధర్మపురి బస్సెక్కేవాడు. గోదావరిలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గుప్పెడు గుప్పెడుగా వదిలేవాడు. "పని అయిపోయిన రాతను నీళ్లకిచ్చుడే మర్యాద బిడ్డా. కాళ్ల కింద పడొద్దు, పొయ్యిల పడొద్దు," అనేవాడు. అన్ని ఇళ్లలోనూ ఇంతేనేమో అనుకునేదాన్ని నేను. నదిలో కాగితాలేమిటని ఇప్పటి పిల్లలు ముక్కు చిట్లిస్తారు. చిట్లించనీ. బాపు వేసిన కాగితం కన్నా ఎక్కువ చెత్త ఇవాళ వాళ్ల ఒక్క పుట్టినరోజుకే పోగవుతుంది.

నేను పుట్టకముందు, పిల్లలు బళ్లు మాని తెలంగాణ కోసం రోడ్లెక్కిన రోజుల్లో, బాపు ఒక ఊరి బడిలో కొత్తగా పంతులయ్యాడు. తనిఖీకి వచ్చిన పెద్దాయన ముందు ఒక పిల్లాడు లేచి "సార్, దూపైతుంది," అన్నాడట. ఆ పెద్దాయన బాపు వైపు తిరిగి, "దాహం అనడం కూడా నేర్పలేదా మాస్టారూ, ఇదేం భాష?" అని పిల్లలందరి ముందూ నవ్వాడట. ఆ నవ్వు బాపు మరిచిపోలేదు. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొని మొదటి గీత మీద "దూప" అని రాశాడు. అప్పుడు మొదలుపెట్టింది రిటైరయ్యేదాకా రాస్తూనే ఉన్నాడు. పదకొండు నోటుబుక్కులు. ప్రతి పేజీకి నాలుగు గడులు గీసుకునేవాడు: మాట, అర్థం, ఎక్కడ విన్నది, ఎవరు చెప్పింది. చెప్పినవాళ్ల పేరు తప్పనిసరి. జమ్మికుంట పత్తి మార్కెట్లో బోరాలు మోసే హమాలి మల్లయ్య, వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు తీర్చే చోట గడ్డి అమ్మే ఎల్లవ్వ, మా గల్లీలో రేడియోలు బాగుచేసే గఫార్ సాబు, అందరి పేర్లూ ఆ నాలుగో గడిలో ఉండేవి. "మాట చెప్పినోని పేరు రాయకపోతె అది దొంగసొమ్మే," అనేవాడు బాపు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో నాకు పని ఉంది.

బాపు రిటైరైన ఏడు మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నేను డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్లి మాట ఎత్తితే కస్సుమంటూ ఇంట్లో తిరుగుతున్న రోజులవి. పుస్తకాలన్నీ నేనే టైపు చేసి, చివరికి పుస్తకంగా అచ్చు వేయిద్దామని నా ఆలోచన. బాపుకు అదొక పండగే. కంప్యూటర్ ఉన్న అర్రలోకి చెప్పులు వేసుకుని రాకూడదు, ఎంగిలి చేత్తో ముట్టకూడదు, పని కాగానే మా అమ్మ పాత చీర ముక్క కప్పాలి. కరెంటు వచ్చేది, పోయేది, వచ్చినప్పుడు బల్బు ఒకసారి మిణుకుమని, ఒకసారి కళ్లు చెదిరేలా వెలిగేది. ఆ కరెంటోళ్లను నేను తిట్టని రోజు లేదు. కరెంటు ఉన్నంతసేపు బాపు పక్కన కుర్చీలో కూర్చుని ఒక్కో మాటా చదివేవాడు, నేను కొట్టేదాన్ని. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, అవ్వ వంటింట్లోంచి వింటూ ఉండేది. ఒకరోజు బాపు "ఇగురం" అంటే తెలివి అని చదివితే పోపు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఇగురమంటె తెలివెట్లయితది? తెలివున్నోళ్లందరికి ఇగురమున్నదా? ఉన్న నాలుగు గింజలతోని పదిమందికి వండి పెట్టెటామెకు ఇగురమున్నదంటరు," అంది. బాపు అర్థం కొట్టేసి అవ్వ చెప్పిందే మళ్లీ రాశాడు, నేనూ మార్చి కొట్టాను.

ఐదో నోటుబుక్కు వంటింటి మాటలు, పొలంలో ఆడవాళ్ల మాటలు. బాపు దాన్ని ఏళ్ల తరబడి పొయ్యి పక్కన పీట మీద కూర్చుని రాసుకున్నాడు. అట్ట నిండా పసుపు వేళ్ల మరకలు, వాసన చూస్తే ఇంగువ. మిగతా వాటి కన్నా అది తొందరగా అయిపోయింది నాకు. కొట్టాల్సింది తక్కువ, ఒక గడి దాటుకుంటూ పోయాను. ఎందుకు తక్కువో ఆలోచించలేదు. రెండేళ్లకు పదకొండూ పూర్తయ్యాయి. ఆ రోజు అవ్వ సర్వపిండి చేసింది. నేను కాలర్ ఎగరేసుకుని తిన్నాను.

ఆ తర్వాత చేసిన పనికి నా నోరు పడిపోను. "బాపూ, ఇగ గా నోటుబుక్కులతోని ఏం పని? అన్ని దీంట్లనే ఉన్నయ్ కద," అన్నాను, ఆ డబ్బా మీద చెయ్యి వేసి. పని తీరిన రాత ఎక్కడికి పోవాలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా బాపు కొంచెం జంకాడు. అచ్చయ్యేదాకా ఉంచుదామా అన్నాడు. అచ్చుకు ఇచ్చేటప్పుడు కంప్యూటర్ నుంచే ఇస్తామని నేను. ఫ్లాపీల్లో ఒక కాపీ పెట్టుకోవాలని కోర్సులో చెప్పారు నాకు, మరిచిపోలేదు. కానీ కంప్యూటర్ అమ్మిన కొట్టాయన, "ఫ్లాపీ అంటె ప్లాస్టిక్ మేడం, బూజు పడ్తది. హార్డ్ డిస్కంటె ఇనుము. మీ మనుమల దాక ఉంటది," అన్నాడు. నేను నమ్మాను. నమ్మనిదల్లా మా అవ్వ ఒక్కతే.

అవ్వకు చదువు రాదు. ఆమె చదువంతా గింజల్లో ఉండేది. బీర, సోర, కంది, జొన్న, ఏ విత్తనమైనా వేపాకూ బూడిదా కలిపి రెండు పాళ్లు చేసేది. ఒక పాలు ఇంట్లో కుండకు. రెండో పాలు సంచిలో కట్టి భైంసాలో ఉన్న చెల్లెలి ఇంటికి. అక్కడి నుంచి చిన్నమ్మ గింజలు అలాగే మా ఇంటికి వచ్చేవి. మిరుగం కార్తెలో విత్తే ముందర ఎవరి గింజలు వాళ్లు తెచ్చుకునేవాళ్లు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఒక్క ఏడు తప్పలేదు. "అన్ని ఒక్కకాడ పెడితె ఎట్ల? పురుగు పడితె ఏం జేస్తరు?" అంది అవ్వ, మేం నోటుబుక్కులు గోనెసంచిలో వేస్తుంటే. నేను పకపకా నవ్వాను. "అవ్వా, కంప్యూటర్ల పురుగులు పడయే!" అన్నాను. బాపు కూడా నవ్వాడు. ఇద్దరం చదువుకున్నవాళ్లం కదా మరి! ఆ కార్తీకంలో బాపు ఎప్పటిలాగే ధర్మపురి వెళ్లొచ్చాడు. కుట్లు విప్పి, కట్టలు కట్టలుగా, కళ్లు మూసుకుని వదిలానన్నాడు.

ఎండాకాలం మొదట్లో డబ్బాలోంచి చప్పుడు మొదలైంది. టిక్కు టిక్కుమని, ఆగి, కర్రుమని గీకినట్టు. ఒక ఫైలు తెరిస్తే సగం అక్షరాలు, సగం ఖాళీ డబ్బాలు. గఫార్ సాబును పిలుచుకొచ్చాను. ఆయన బయట చెప్పులు విడిచి, డబ్బాకు చెవి ఆనించి, రేడియోను విన్నట్టే విన్నాడు. "బిడ్డా, గిది నా పని కాదు, అబద్ధమెందుకు చెప్పాలె? కని లోపల ఏదో గీకుతుంది. ఎంత తిప్పితె అంత గీకుతది. బంద్ జెయ్. తెల్సినోడు దొరికెదాక స్విచ్చి ముట్టకు. జర సబర్ చెయ్," అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడు! చదువు లేని అవ్వ చెప్పింది వినలేదు, రేడియోల గఫార్ సాబు చెప్పింది వింటానా? రేడియో మెకానిక్‌కు కంప్యూటర్ సంగతి ఏం తెలుసనుకున్నాను. మర్నాడు డబ్బాను దుప్పట్లో చుట్టి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని, అమ్మిన కొట్టుకే పట్టుకుపోయాను.

"అండ్ల మా బాపు రాసినయ్ ఉన్నయ్, పైలం," అని చెప్పాను. జాగ్రత్తని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను. కొట్టాయన గోడ మీద ఆయన సర్టిఫికెట్లు వరసగా వేలాడుతున్నాయి. "ఫికర్ చేయకుండ్రి మేడం," అన్నాడు. రెండు రోజుల తర్వాత వెళ్తే కంప్యూటర్ చప్పుడు లేకుండా నడుస్తోంది. తెర మీద ఏమీ లేదు. "మొత్తం ఖాళీ చేసి ఫార్మాట్ కొట్టిన. ఇప్పుడు కొత్తదాని లెక్కనే నడుస్తది," అన్నాడు, చప్పట్లు కొడతానేమో అన్నట్టు నా మొహం చూస్తూ.

"మా బాపు రాసినయో?" అన్నాను.

"అయ్యో, గవి ముఖ్యమా? గేమ్స్ అనుకున్న. ఏం రాసిండ్రు సారు?"

చెప్పాను. మాటలని చెప్పాను. దూప, బుగులు, నిమ్మలం, తండ్లాట. వాటి కోసం ఒక మనిషి బతుకంతా తిరిగాడని చెప్పాను. అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. "గియ్యా? గియ్యి అందరికి ఎరుకున్నయే కద మేడం! గియ్యి పోతె ఏమాయె?" అన్నాడు. అతని మీద నా కోపం ఫార్మాట్ కొట్టినందుకు కాదు. అది చేతకానితనం, దాన్ని ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదాన్ని. ఈ మాటకు మాత్రం క్షమించలేదు, క్షమించను. అందరికీ ఎరుకేనట! ఇవాళ నా కూతురు దాహం అనడం కూడా మానేసి ఇంగ్లీషులో మంచినీళ్లు అడుగుతోంది. మునుం పట్టడమంటే ఏమిటో అడిగితే ఫోన్ తీసి వెతుకుతుంది. నాట్లేసేవాళ్లు ఒకరి పక్కన ఒకరు వరస కట్టి వెళ్లడమే మునుమని నేను చెప్తే, "ఓహో" అని మళ్లీ ఫోన్లోకి పోతుంది. దాని ఫోన్లో ఫోటోలు పోయినా ఎక్కడో పైన ఉంటాయట. ఎక్కడ పైన, ఎవరింట్లో, ఎవరి చేతిలో అంటే చెప్పలేదు. కొట్టాయన నాకు ఇనుమన్నాడు, దీనికెవరో ఆకాశమన్నారు. నమ్మడంలో మాత్రం అది నా కూతురే. ఆ రోజు ఆ కొట్లో నేను అరిచిన అరుపులకు పక్క బట్టల కొట్టువాళ్లు బయటికొచ్చి చూశారు. చివరికి హార్డ్ డిస్కు ఊడదీయించి, డబ్బా అక్కడే వదిలేసి, దాన్ని కొంగులో కట్టుకుని నడిచి ఇంటికి వచ్చాను.

బాపు అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్నాడు. చెప్పాను. అడకత్తెర చేతిలో అలాగే ఉండిపోయింది. "ఒక్కటి గూడ లేదా?" అన్నాడు. లేదన్నాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నాకే కోపం ఎక్కడ కక్కాలో తెలియక, "నీ గోదారి వల్లనే! ఏ ఇంట్ల వేస్తరు నీళ్లల్ల పుస్తకాలు? గీ పిచ్చి మనకే ఎందుకు?" అని అరిచాను. వేయమన్నది నేను. ఆ మాట ఆయన అనొచ్చు, అనలేదు. "ఏసింది నేనే కద బిడ్డా," అన్నాడు, వక్క ముక్కలు కింద పడితే ఏరుకుంటూ. మళ్లీ మొదటి నుంచి రాద్దామంటే, మల్లయ్య పోయాడు, గడ్డి అమ్మే ఎల్లవ్వ పోయింది. అడిగి రాసుకోవడానికి మనుషులు లేరు. ఆ పూట బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మరుసటి రోజూ అంతే. అవ్వ గఫార్ సాబు కొడుకు చేత భైంసాకు ఫోన్ చేయించింది. విత్తనాల సంగతనుకున్నాను.

నాలుగో రోజు చిన్నమ్మ దిగింది. మిరుగానికి ఇంకా టైమున్నా చేతిలో గింజల సంచి ఉంది. అవ్వ ఆమెను కూర్చోనివ్వలేదు, మంచినీళ్లివ్వలేదు, సంచి మూతి విప్పి చాటలో గుమ్మరించింది. బీరగింజలు, కందులు, వేపాకు, బూడిద, వాటి నడుమ ఒక నోటుబుక్కు. అట్ట మీద పసుపు వేళ్ల మరకలు. చిన్నమ్మ భైంసాకు వెళ్లాక మరాఠీ నోటికి పట్టింది, "అగ్గబాయ్! గిదేందక్కా, నేను చూడనే లేదు. ఎలుకలు కొట్టకపోవుడు మంచిదాయె," అంటూ బుగ్గలు నొక్కుకుంది.

"ధర్మపురికి పోయే పొద్దుగాల మీరు ఇంట్ల తానం చేస్తున్నప్పుడు గోనెసంచిలకెల్లి తీసి, చెల్లెకు పంపే గింజల సంచిల పెట్టిన," అంది అవ్వ బాపుతో. "చెప్తె ఇంటరా మీరిద్దరు? చదువొచ్చినోళ్లాయె. ఏ పుస్తకమో నాకేమెరుక, నా పసుపు మరకలున్నదొక్కటే గుర్తు పట్టిన. చెల్లె ఇంట్ల ఉన్నదో, పొయ్యిల పడ్డదో తెల్వకుంట ఎట్ల చెప్పాలె? వచ్చేదాక ఊకున్న."

బాపు నోటుబుక్కును కళ్లకద్దుకున్నాడు. పేజీల్లోంచి బూడిద రాలింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. నేను వంగి చూశాను. మాట, అర్థం, విన్న చోటు. నాలుగో గడి ఖాళీ. పేజీ తిప్పాడు, ఖాళీ. ఇంకో పేజీ, ఖాళీ. మొత్తం నోటుబుక్కులో ఒక్క పేరు లేదు. హమాలి పేరు రాసినవాడు, గడ్డి అమ్మే ఆమె పేరు రాసినవాడు, ముప్పై ఏళ్లు తన పొయ్యి దగ్గర కూర్చుని మాట మాటా చెప్పిన మనిషి పేరు రాయలేదు. ఇక నా సంగతి. ఆ గడి వచ్చినప్పుడల్లా ఒక మీట నొక్కి దాటుకుంటూ పోయినదాన్ని, తొందరగా అయిపోయిందని సంతోషించినదాన్ని. నాలుగు రోజులుగా కొట్టాయనను, కరెంటోళ్లను, ఆ ఇనుప ముక్కను శాపనార్థాలు పెడుతున్నాను. ఆ చాట ముందు నిలబడ్డప్పుడు నా మీద నాకు వచ్చినంత కోపం వాళ్లెవరి మీదా రాలేదు. బాపు ఎవరి వైపూ చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి, నేల మీదే మఠం వేసుకుని, మొదటి పేజీ మొదటి గీత నుంచి నాలుగో గడి నింపడం మొదలుపెట్టాడు. రాజవ్వ. దాని కింద రాజవ్వ. దాని కింద రాజవ్వ.

అవ్వ బీరగింజలు ఏరి రెండు పాళ్లు చేస్తోంది. కాసేపటికి తల ఎత్తి చూసింది. చదవడం రాకపోయినా, వరసగా అన్ని గళ్లలోనూ ఒకే ఆకారం పడుతోందని తెలుస్తుంది కదా.

"ఏం రాస్తున్నరు, అన్నిట్ల ఒక్కతీరుగ?" అంది.

"నీ పేరు," అన్నాడు బాపు.

అవ్వ చెయ్యి చాటలో ఆగిపోయింది. "నా పేరెందుకు?" అంది. చాటను పక్కకు జరిపి, "రాస్తె రాసిండ్రు, గన్నిసార్లెందుకు? ఒక్కకాడ రాస్తె సాలదా?" అంది.

బాపు తల ఎత్తలేదు. "ఒక్కకాడ పెడితె పురుగు పడ్తదని నువ్వే అంటివి కద," అన్నాడు, తర్వాతి గడిలో రాస్తూ.